హౌరాల లెక్క

ఆకివీడు రైలు గేటు దాటాక ఎడమ చేతి వైపు
ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని నా కొట్టు.
ఒక కంప్రెసరు, రెండు జాకీలు, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి.
ఆగిన ప్రతి డ్రైవరూ అడిగేది ఒక్కటే:
"మీరావలీ, ఎన్నాళ్ళొస్తాయివి?"

కిలోమీటర్లలో చెప్పను నేను.
చేపల లారీ వాళ్ళకి ఆ లెక్క చెవికెక్కదు.
హౌరాల్లో చెబుతాను. పోయి రావడం ఒక హౌరా.
ముందు టైర్లు ఇరవై ఐదు హౌరాలు,
గాలి చూసుకునే మనిషైతే ఇంకో మూడు.
ట్రే మీద ట్రే ఎక్కించే షావుకారు లారీ అయితే
పద్దెనిమిదికే పీచు కనబడుతుంది.

కంపెనీ వాడు అట్ట మీద అచ్చేశాడు
అన్ని కాలాలకీ పనికొచ్చే టైరని.
మా కాలాలేవో వచ్చి చూశాడా?
రోహిణి కార్తెలో తారు బెల్లం పాకమై
గాడి గాడిలోనూ కంకర పళ్ళు దిగేస్తుంది.
సార్వా ఊడ్పులప్పుడు ట్రాక్టర్లు చేలోంచి నేరుగా ఎక్కి
నల్లమన్ను రోడ్డంతా అలికిపోతాయి,
చినుకు పడిందా, అది వెన్న.
దాళ్వా కోతలకి సగం రోడ్డు ధాన్యానిది.
ఆ గింజల మీద బ్రేకు తొక్కడమంటే
గోళీల మీద నిలబడి కుస్తీ పట్టడం.
పుష్యమాసం మంచుకి లోపలి గాలి ముడుచుకుపోయి
రాత్రి నూటపది చూసిన టైరు తెల్లారి నూటనాలుగు.
ఇవి కాక పన్నెండు నెలలూ ఉండే కాలం ఇంకోటుంది:
ముందు పోయే లారీ తోక నుంచి కారే
ఐసు నీళ్ళు, చేప జిగురు.
దానికి ఏ కార్తె పేరూ లేదు.

నా దగ్గరున్న కొలత రూపాయి బిళ్ళ.
తలకిందులుగా గాడిలో పెడతాను.
సింహాలు మునిగాయా, పోయిరా.
సింహాల తలలు బయటపడ్డాయా, ఆగు.

ఆ రోజు యేసుపాదం లారీకి
సింహాలు మెడ దాకా బయటే ఉన్నాయి.
గణపవరం చెరువుల కట్ల లోడు,
షావుకారు నుంచి ఫోను మీద ఫోను.
అతను నా మొహం చూశాడు. నేను బిళ్ళ చూశాను.
షావుకారి పాత బాకీ ఇంకా పుస్తకంలోనే ఉంది,
కొత్త జత అప్పు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.
"ఇంకో హౌరా వస్తుందిలే" అన్నాను.
అన్నది నేనే.

సోంపేట దాటాక పేలిందట.
లారీ రోడ్డు దిగి జీడితోటలో ఆగిందట.
మనిషికి ఏమీ కాలేదు.
ఐసు కరిగి జీడిచెట్ల పాదుల్లోకి పోయింది,
పన్నెండు టన్నుల చేప ఈగల పాలైంది.
నష్టంలో సగం యేసుపాదం జీతంలోంచే కోసుకున్నాడు షావుకారు,
ఇది నాకు వేరేవాళ్ళు చెప్పారు.

తొమ్మిదో రోజున వచ్చాడు.
తిట్టలేదు. టీ ఇస్తే తాగాడు.
సంచిలోంచి మూరెడు రబ్బరు చీలిక తీసి బల్ల మీద పెట్టి,
తీగలు పైకి లేచిన వైపు
నాకేసి తిప్పి, వెళ్ళిపోయాడు.

మా మేనల్లుడు అడిగాడు, తూకానికి వేసేద్దామా అని.
మిగిలిన అరుగుడు టైర్లన్నీ ఏదో దారి చూసుకుంటాయి.
కొన్ని తణుకెళ్ళి కొత్త తోలు తొడుక్కొస్తాయి,
కొన్ని నరసాపురం రేవులో పంటు పక్కన వేలాడుతూ
ఒడ్డు తగిలిన ప్రతిసారీ దెబ్బ కాచుకుంటాయి.
ఈ ముక్కని మాత్రం బల్ల మీంచి కదపనివ్వలేదు.
దాని కింద బిల్లు పుస్తకం ఉంటుంది, ఫ్యాను గాలికి ఎగరకుండా.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి, మంచులో,
లారీ లైట్లు రెండు నిమ్మపళ్ళలా ఆగాయి కొట్టు ముందు.
యేసుపాదం దిగాడు. ఎన్నాళ్ళొస్తాయని అడగలేదు.
చొక్కా జేబులోంచి తన రూపాయే తీసి నా చేతిలో పెట్టి
అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.
పది చక్రాలూ చూశాను, మోకాళ్ళ మీద.
వెనక జంటలో లోపలి చక్రం
చీకట్లో సరిగ్గా ఆనడం లేదు.
"టార్చి ఇలా పట్టు" అన్నాను.
బీడీ పారేసి, వంగి, పట్టాడు.